జాతికి బొడ్డు ఉందా? జాతీయవాద సిద్ధాంతాలను పరీక్షించే పద్ధతి

(చరిత్ర, రాజనీతిశాస్త్రం చదువుతున్న విద్యార్థుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. జాతి అనే మాటను ఈ పూట నేషన్ అనే ఒక్క అర్థంలోనే వాడతాను. కులం, తెగ, మనుషుల్లో రకం అనే అర్థాలను పక్కన పెట్టుకుందాం.

జాతులు ఎప్పటివి అని అడిగితే రెండు జవాబులు వినిపిస్తాయి. జాతి అనాదిగా ఉంది, మధ్యలో నిద్రపోయింది, నాయకులొచ్చి లేపారు అనేది ఒకటి. అదంతా నాయకులు అల్లిన కట్టుకథ అనేది రెండోది. రెండూ పరీక్షకు నిలవవు. మొదటిదానికి తేదీలు అడ్డం వస్తాయి. రెండోదానికి మనుషులే అడ్డం వస్తారు, ఎందుకంటే ఒట్టి కట్టుకథ కోసం లక్షల మంది పన్నులు కట్టి, యుద్ధాలకు వెళ్లి చావరు.

ఏ సిద్ధాంతాన్నయినా నాలుగు ప్రశ్నలతో పరీక్షించండి. ఆ భావాన్ని మొదట మోసిందెవరు? ఏ సాధనంతో మోశారు, బడితోనా, అచ్చుతోనా, సైన్యంతోనా, సర్కారు కచేరీతోనా? ఏ సంవత్సరంలో? సిద్ధాంతం ప్రకారం రావలసి ఉండి కూడా అది రాని చోటు ఎక్కడ? ఈ నాలుగోదాన్ని అడిగేవాళ్లు తక్కువ. సిద్ధాంతం విరిగేది ఎక్కువగా అక్కడే.

ఫ్రాన్స్‌తో మొదలుపెడదాం. సార్వభౌమాధికారమంతా జాతిలోనే ఉందని 1789 హక్కుల ప్రకటన మూడో అధికరణం చెప్పింది. అయిదేళ్లు తిరక్కుండానే, 1794లో, ఆబె గ్రెగ్వార్ అనే మతగురువు విప్లవ సభకు భాషల మీద ఒక నివేదిక ఇచ్చాడు. 60 లక్షల మందికి ఫ్రెంచి అసలు రాదు, ఇంకో 60 లక్షల మంది వరసగా సంభాషణ సాగించలేరు, శుద్ధంగా మాట్లాడేవాళ్లు 30 లక్షలకు మించరు అని అందులో ఉంది. పోనీ కాలం గడిస్తే సర్దుకుందా? 1863 ప్రభుత్వ సర్వేలో 37,510 కమ్యూన్లకు (ఊరి స్థాయి పాలనా విభాగాలకు) గాను 8,381 చోట్ల జనం ఫ్రెంచి మాట్లాడటం లేదని తేలింది. అంటే జాతి పేరు మీద రాజ్యం వచ్చిన 70 ఏళ్లకు కూడా ఆ జాతి భాష పల్లెలకు పూర్తిగా చేరలేదు. దాన్ని చేర్చింది 1870లో వచ్చిన మూడో రిపబ్లిక్ ప్రభుత్వం. మంత్రి జూల్ ఫెర్రీ చట్టాలు 1881లో ప్రాథమిక విద్యను ఉచితం చేశాయి, 1882లో నిర్బంధం చేశాయి. వాటితోపాటు రోడ్లు, రైళ్లు, నిర్బంధ సైనిక సేవ వచ్చాయి. రైతులు ఫ్రెంచివాళ్లయింది 1870, 1914 మధ్యేనని చరిత్రకారుడు యూజీన్ వెబర్ వాదించింది వీటి ఆధారంగానే.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. ఫ్రెంచి రాదు కాబట్టి ఫ్రెంచివాడిననే భావం లేదు అనేస్తారు. ఫ్రాన్స్ తూర్పు సరిహద్దులోని ఆల్సస్ జనంలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది జర్మన్ మాండలికం. 1871లో జర్మనీ ఆ ప్రాంతాన్ని కలుపుకుంటే, మేం ఫ్రాన్స్ వాళ్లమని వాళ్ల ప్రతినిధులు నిరసన తెలిపారు. ఫ్రెంచి పండితుడు ఎర్నెస్ట్ రెనాన్ 1882 మార్చి 11న పారిస్‌లోని సోర్బాన్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగం వెనక ఉన్నది ఈ గాయమే. భాష, రక్తం, మతం, భూగోళం, ఏవీ జాతిని చేయవు, కలిసి బతకాలన్న ఇష్టం చేస్తుంది, జాతి అంటే రోజూ జరిగే ప్రజాభిప్రాయ సేకరణ అన్నాడు. బాగుంది. కానీ అది ఓడిపోయిన పక్షం తరఫు వకాలతు కూడా. జర్మనీ భాష చూపించి హక్కు అడుగుతోంది కాబట్టి, భాషతో తేలని నిర్వచనం ఆయనకు కావాలి. సిద్ధాంతాన్ని చదివేటప్పుడు అది ఏ తగాదాలో పుట్టిందో చూడండి.

రెనాన్ మాటల్లో ఇప్పటికీ పదునుగా ఉన్నది మరపు గురించి చెప్పింది. ప్రతి ఫ్రెంచి పౌరుడూ 1572లో కేథలిక్కులు ప్రొటెస్టెంట్లను చంపిన సెయింట్ బార్తొలొమ్యూ ఊచకోతను మరచిపోయి ఉండాలి అన్నాడు. చిత్రమేమిటంటే, ఆ ఊచకోత ఏమిటో ఆయన వివరించలేదు, వినేవాళ్లకు తెలుసనే అనుకున్నాడు. తెలిసినదాన్నే మరచి ఉండాలట. అంటే చంపినవాళ్లనూ చచ్చినవాళ్లనూ ఇద్దరినీ మనవాళ్లే అని, ఇంటి గొడవగా గుర్తుపెట్టుకోవడం. బడి పుస్తకం చేసే పని అదే.

ఇప్పుడు సామాజిక సిద్ధాంతకర్త ఎర్నెస్ట్ గెల్నర్. రాజకీయ విభాగమూ జాతి విభాగమూ ఒకటిగా ఉండాలనే సూత్రమే జాతీయవాదం అన్నది ఆయన నిర్వచనం. వాదం మెట్లు మెట్లుగా నడుస్తుంది. వ్యవసాయ సమాజంలో పైన పలచని పాలక వర్గం, కింద ఒకదానితో ఒకటికి పనిలేని ఊళ్లు. అందరికీ ఒకే సంస్కృతి కావాలని పైవాళ్లూ అడగరు, కిందివాళ్లూ అడగరు. పరిశ్రమలొస్తే పని మారుతుంది. ముఖం తెలియనివాళ్లకు రాయాలి, వాళ్లు రాసింది చదవాలి, ఇవాళ ఈ పని, రేపు ఇంకో పని. దానికి అక్షరం మీద నిలిచిన ఉమ్మడి భాష కావాలి. ఆ శిక్షణ ఇంట్లో దొరకదు, ఊళ్లో దొరకదు. దేశమంతటా బడులు నడిపే ఖర్చు రాజ్యం ఒక్కటే భరించగలదు. కాబట్టి రాజ్యమూ సంస్కృతీ ఒకదానికొకటి ముడిపడతాయి. చివరి మెట్టు అన్నిటికన్నా ముఖ్యం: వేరే భాష మాట్లాడే పల్లె నుంచి పట్నం వచ్చినవాడు కచేరీ కిటికీ దగ్గర, ఫ్యాక్టరీ గేటు దగ్గర తన యాసకు అవమానం పడతాడు. పెద్ద భాషలో కలిసిపోవడం, లేదా తన భాషే చెల్లే రాజ్యం అడగడం, అతని ముందు ఈ రెండు దారులున్నాయి.

ఇది ఎక్కడ విరుగుతుంది? గ్రీకులు ఒట్టోమన్ల మీద తిరగబడింది 1821లో. అప్పుడు అక్కడ ఏ ఫ్యాక్టరీ ఉంది? స్పానిష్ అమెరికా తిరుగుబాట్లు 1810లో మొదలయ్యాయి, అక్కడా పరిశ్రమ లేదు. ఇంకో లోపం ఉంది. పరిశ్రమకు జాతి అవసరం కాబట్టి జాతి వచ్చింది అంటే, అవసరమే కారణమైపోయింది. అవసరం తనంతట తాను ఏ పనీ చేయదు. బడి పెట్టిందెవరు, డబ్బు ఎవరిచ్చారు, ఎవరు అడ్డుపడ్డారు అనేది విడిగా చూపించాలి. ఇన్ని లోపాలున్నా ఆ చివరి మెట్టును మాత్రం వదలకండి, దానితో మనకు పని పడుతుంది.

1995 అక్టోబర్ 24న వారిక్ విశ్వవిద్యాలయంలో గెల్నర్‌కూ, ఆయన శిష్యుడు ఆంథొనీ స్మిత్‌కూ వాదం జరిగింది. గెల్నర్ అడిగిన ప్రశ్న: జాతులకు బొడ్డు ఉందా? ఆదాము తల్లి కడుపున పుట్టలేదు కదా, మరి అతనికి బొడ్డు ఉందా అనే పాత మత చర్చ నుంచి తెచ్చుకున్న ప్రశ్న ఇది. కొన్ని జాతులకు ఉంది, కొన్నిటికి లేదు, అయినా బొడ్డుతో పనేమిటి అన్నాడు. ఎస్టోనియాను చూపించాడు. 19వ శతాబ్దం మొదట్లో వాళ్లకు తమ జాతికంటూ ఒక పేరు కూడా లేదు. పట్నంలోని జర్మన్, స్వీడిష్ దొరలకు, రష్యన్ అధికారులకు ఎదురుగా తాము ‘నేలమీది జనం’, అంతే. ఇప్పుడు బలమైన సంస్కృతి, తార్తూ నగరపు మ్యూజియంలో ప్రతి పదిమంది ఎస్టోనియన్లకు ఒక వస్తువు చొప్పున సేకరణ. పాత బొడ్డు లేకుండానే జాతి బతికింది. ఆ వాదం జరిగిన రెండు వారాల లోపే గెల్నర్ కన్నుమూశాడు.

స్మిత్ జవాబు తేలిగ్గా తీసేయదగ్గది కాదు. కొత్తగా కట్టారన్నా సరే, ఏ ఇటుకలతో కట్టారు? కొన్ని కథలు జనానికి అతుక్కున్నాయి, కొన్ని ఎంత ప్రచారం చేసినా రాలిపోయాయి, ఎందుకు? జాతికి ముందు ఉండే జనసమూహానికి ఆయన ఆరు లక్షణాలు చెప్పాడు: ఉమ్మడి పేరు, ఒకే మూలం నుంచి వచ్చామనే గాథ, చరిత్ర జ్ఞాపకాలు, వేరుగా కనిపించే సంస్కృతి, ఒక భూభాగంతో బంధం, కనీసం కొంతమందిలోనైనా సంఘీభావం. నాలుగో ప్రశ్న అడిగితే మాత్రం స్మిత్‌కు చిక్కు వస్తుంది. ప్రపంచంలో భాషలు వేలల్లో ఉన్నాయి, ఐక్యరాజ్య సమితిలో సభ్య దేశాలు 193. ఈ ఆరు లక్షణాలూ ఉండి జాతి కాని సమూహాలే ఎక్కువ.

‘ఇమాజిన్డ్ కమ్యూనిటీస్’ పుస్తకం రాసిన బెనెడిక్ట్ ఆండర్సన్ గురించి కొంచెం నిదానంగా మాట్లాడాలి, ఎందుకంటే మన దగ్గర ఎక్కువగా ఉదహరించేదీ, ఎక్కువగా తప్పుగా చదివేదీ ఆయన్నే. జాతి ఊహించుకున్న సమాజం అన్నాడు కాబట్టి అబద్ధం అన్నాడని రాస్తారు. నిజానికి, కల్పనను అబద్ధంతో కలిపేశాడనే ఆయన గెల్నర్‌ను తప్పుపట్టాడు. ముఖాముఖి పరిచయం సాధ్యం కానంత పెద్ద సమాజం ఏదైనా ఊహలోనే ఉంటుంది. ఆ ఊహ ఎలాంటిదనేదే ప్రశ్న. జాతి ఊహకు హద్దు ఉంటుంది, సార్వభౌమత్వం కావాలంటుంది, లోపల ఎన్ని తేడాలున్నా సోదరభావంగా కనిపిస్తుంది.

సాధనం అచ్చు. లాటిన్ చదివే కొద్దిమంది చేత కొనిపించడం అయిపోయాక, అచ్చు వ్యాపారులు మామూలు భాషల్లో కొనేవాళ్లను వెతికారు. పది యాసలకు పది అచ్చులు పోయడం గిట్టదు, కాబట్టి ఒక్కో చోట ఒక యాస పైకి వచ్చి ప్రమాణమైంది. పత్రిక ఇంకొంత చేసింది. ఒకే ఉదయం, ఒకే వార్త, ఒకరికొకరు తెలియని వేలమంది చదువుతున్నారన్న ఎరుక ఇచ్చింది.

చాలామంది ఇక్కడే పుస్తకం మూసేస్తారు. ఆండర్సన్ అసలు బలం తర్వాతి అధ్యాయంలో ఉంది. స్పానిష్ అమెరికాలో తిరగబడ్డ క్రియోల్‌లది, అంటే అక్కడే పుట్టిన స్పానిష్ సంతతివాళ్లది, స్పెయిన్ వాళ్ల భాషే, మతమూ అదే. మరి భాషతో ఎలా వివరిస్తారు? ఆయన ఉద్యోగాల లెక్క తీశాడు. 1813కు ముందు అక్కడ పనిచేసిన 170 మంది వైస్రాయ్‌లలో క్రియోల్‌లు నలుగురే. మెక్సికోలో పుట్టిన ఉద్యోగి మాడ్రిడ్‌లో పై పదవికి వెళ్లలేడు, చిలీకి బదిలీ మీద వెళ్లడు. తన పాలనా విభాగంలోనే అడ్డంగా తిరుగుతాడు, దాని రాజధానిలో ఆగిపోతాడు. దారిలో అలాగే ఆగిపోయినవాళ్లు కలుస్తారు. మనమందరం ఇక్కడే ఎందుకు ఆగిపోయాం అన్న ప్రశ్నలోంచి మనం అనే భావం వస్తుంది. అందుకే విడిపోయిన దేశాల హద్దులు చాలావరకు పాత పాలనా విభాగాల హద్దుల మీదే పడ్డాయి. దీనికీ అభ్యంతరం ఉంది: జాతిభావం యుద్ధాలను తెచ్చిందా, యుద్ధాలే జాతిభావాన్ని తెచ్చాయా? రెండోదానికే సాక్ష్యం ఎక్కువని నా అంచనా. అయినా ఉద్యోగపు నిచ్చెన ఎక్కడ ఆగుతుందో చూడమన్న పద్ధతి గట్టిది.

చెక్ చరిత్రకారుడు మిరోస్లావ్ హ్రోఖ్ ప్రాగ్‌లో కూర్చుని యూరప్‌లోని చిన్న జాతుల ఉద్యమకారుల పుట్టిన ఊళ్లు, వృత్తులు, తండ్రుల వృత్తులు పట్టికలు వేశాడు. చెక్, ఎస్టోనియన్, లిథువేనియన్, ఫిన్నిష్, నార్వేజియన్, ఇంకా కొన్ని. మూడు దశలు చెప్పాడు. మొదట పండితులు భాష, జానపదాలు సేకరిస్తారు. తర్వాత కొద్దిమంది దాన్ని ప్రచారంగా మారుస్తారు. ఆఖరున జనం వస్తారు. పట్టికల్లో తేలిందేమిటంటే, రెండో దశను నడిపింది ఫ్యాక్టరీ యజమానులు కాదు, టీచర్లు, మతగురువులు, చిన్న పట్నాల చదువరులు. ఎక్కువగా మార్కెట్ కోసం పంట పండించే సారవంతమైన ప్రాంతాల నుంచి వచ్చారు.

ఇప్పుడు ఈ పనిముట్లన్నీ తీసుకుని తెలుగు నేల మీదికి వద్దాం. పండితుల దశకు మద్రాసు కలెక్టరు ఎల్లిస్ 1816లో రాసిన ద్రావిడ భాషా నిరూపణ, బ్రౌన్ నిఘంటువులు. ఆ ఇద్దరికీ ఆంధ్ర రాష్ట్రం ఆలోచనే లేదు, హ్రోఖ్ చెప్పిన మొదటి దశ అలాగే ఉంటుంది. ప్రచార దశకు 1902లో బందరులో కృష్ణా పత్రిక, 1908లో ఆంధ్ర పత్రిక. గమనించండి, ఆంధ్ర పత్రిక వారపత్రికగా పుట్టింది బొంబాయిలో, 1914లో దినపత్రిక అయింది మద్రాసులో. తెలుగు అచ్చుకు కేంద్రాలు తెలుగు నేలకు బయట ఉన్నాయి. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ. ముందు నడిచింది వకీళ్లు, టీచర్లు, సంపాదకులు. ఏ ప్రాంతం? ధవళేశ్వరం ఆనకట్ట, బెజవాడ ఆనకట్ట 1850లలో పూర్తయి, అమ్ముకోవడానికి వరి మిగిలిన డెల్టా. ధాన్యం డబ్బు కాలేజీ ఫీజయింది, కాలేజీ పట్టా మద్రాసు కొలువు అడిగింది, మద్రాసు కొలువుల్లో తమిళులు నిండి ఉన్నారన్న ఫిర్యాదు పుట్టింది. హ్రోఖ్ పట్టికలో మన గుంటూరు, కృష్ణా జిల్లాలను పెట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

నాలుగో ప్రశ్న ఇక్కడ కూడా అడగండి. భాషే చాలినదైతే రాయలసీమ ఎందుకు వెనకాడింది? 1937 నవంబర్ 16న కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒప్పందంలో ఉన్నవి విశ్వవిద్యాలయ కేంద్రం, నదీజలాలు, రాజధాని లేదా హైకోర్టు. ఒకే భాషవాళ్ల మధ్య కాగితం రాసుకోవలసి వచ్చింది, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా వచ్చింది ఆ కాగితం వల్లే.

తెలంగాణ దగ్గర సిద్ధాంతాలకు అసలు పరీక్ష. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ, 1918లో వచ్చిన ఉస్మానియాలో బోధన ఉర్దూ. తెలుగువాడు గెల్నర్ చివరి మెట్టు మీద నిలబడి ఉన్నాడు. 1921లో హైదరాబాదులో ఒక సభలో తెలుగులో మాట్లాడిన వక్తను గేలి చేస్తే ఆంధ్ర జనసంఘం పుట్టింది, 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ జరిగింది. గెల్నర్ లెక్క ప్రకారం పక్క తెలుగువాళ్లతో కలవాలి. 1956 నవంబర్ 1న కలిశారు. అదే లెక్క ప్రకారం ఇక గొడవ తగ్గాలి, ఎందుకంటే భాష ఒకటి, బడి ఒకటి, పత్రిక ఒకటి. 13 ఏళ్లకే 1969 ఉద్యమం వచ్చింది.

ఆండర్సన్ నిచ్చెన పెట్టి చూడండి. నిజాం కాలపు ముల్కీ (స్థానికుల) నిబంధనలు 15 ఏళ్ల నివాసం ఉన్నవాళ్లకే సర్కారు కొలువు అన్నాయి. ముల్కీ అనేవాడు తెలుగువాడు కావచ్చు, మరాఠీ, కన్నడ, ఉర్దూ మాట్లాడేవాడూ కావచ్చు. అది పాలనా హద్దు గీసిన ‘మనం’. దానికి తేదీ ఉంది: నాన్‌ముల్కీలకు వ్యతిరేకంగా హైదరాబాదులో విద్యార్థులు లేచి, సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగింది 1952 సెప్టెంబర్‌లో. అప్పటికి ఆంధ్రప్రదేశ్ లేదు, ఆంధ్ర రాష్ట్రమే లేదు. కాబట్టి ఈ భావం 1956 తర్వాతి నాయకుల సృష్టి అనడానికి వీల్లేదు.

తర్వాతి కాగితాలు వరసగా చదవండి. 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం. 1972 అక్టోబర్ 3న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు, వెంటనే కోస్తాలో, సీమలో జై ఆంధ్ర ఉద్యమం. అంటే నిచ్చెన రెండో పక్కన ఆగేసరికి అటువాళ్లూ విడిపోదామన్నారు, అదే భాషలో. 1973 సెప్టెంబర్‌లో ఆరు సూత్రాల పథకం, దాని కోసం రాజ్యాంగంలో 371-డి అధికరణం, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు. ఈ ఉత్తర్వుల్లో స్థానికత 15 ఏళ్ల నివాసం నుంచి వరసగా నాలుగేళ్ల చదువు లేదా నివాసానికి మారింది. 1985 డిసెంబర్‌లో 610 జీవో, ఉత్తర్వులను దాటి జరిగిన నియామకాలను సరిచేయడానికి. వీటిలో సంస్కృతి గురించి ఎన్ని వాక్యాలున్నాయో వెతకండి. ఎక్కువభాగం పోస్టులు, బదిలీలు, జోన్లే. నీళ్ల సంగతి వేరే పెద్ద కథ, దాన్ని ఇవాళ ముట్టుకోను.

యాస సంగతి కూడా వదలకూడదు. అచ్చులో ప్రమాణమైన తెలుగు డెల్టా జిల్లాల చదువరులది. సినిమాలో తెలంగాణ మాట రౌడీకో, హాస్యగాడికో దక్కింది. గెల్నర్ రెండు భాషల మధ్య చూసిన అవమానం ఒక భాష లోపలే మళ్లీ జరిగింది. సిద్ధాంతకర్తలు దీన్ని తగినంత పట్టించుకోలేదని నాకనిపిస్తుంది.

మరి ఇవి జాతీయవాదాలేనా? పూర్తిగా కావు. ఆంధ్ర ఉద్యమం గానీ, 2014 జూన్ 2న ముగిసిన తెలంగాణ ఉద్యమం గానీ సార్వభౌమ దేశం అడగలేదు. యంత్రం అదే, వచ్చిన సరుకు వేరు. కాంగ్రెస్ 1920 నాగపూర్ సభలోనే ప్రాంతీయ కమిటీలను భాషల ప్రకారం కట్టడం ఇందుకు ఒక కారణం. నాయకుల నిచ్చెన ఢిల్లీ దాకా తెరిచి ఉంది. ముల్కీ తీర్పు గొడవలో 1973 జనవరిలో ముఖ్యమంత్రి పదవి పోగొట్టుకున్న పి.వి. నరసింహారావు 1991లో ప్రధాని అయ్యారు. మెక్సికో క్రియోల్‌కు మాడ్రిడ్‌లో ఆ వీలు లేదు.

సభ నుంచి రెండు చీటీలు వచ్చాయి. మొదటిది: “కృష్ణదేవరాయల ‘దేశభాషలందు తెలుగు లెస్స’ ఉండగా, తెలుగు జాతి భావం 19వ శతాబ్దానిది అని ఎలా అంటారు?”

పద్యాన్ని సాక్ష్యంగా వాడాలంటే అందులో ఎవరు మాట్లాడుతున్నారో చూడాలి. కృష్ణా జిల్లా శ్రీకాకుళంలోని ఆంధ్ర విష్ణువు రాయలకు కలలో కనిపించి, దేశం తెలుగు, నేను తెలుగు వల్లభుణ్ణి, ఎల్ల నృపులూ కొలువగా వాళ్లతో మాట్లాడిన నీకు తెలియదా అంటున్నాడు. భాష మీద గర్వం ఉంది, దేశం ఉంది, దేవుడున్నాడు, కొలువున్న రాజులున్నారు. ఈ భాష మాట్లాడే జనం కాబట్టి వాళ్లను వాళ్లే ఏలుకోవాలన్నది లేదు. ఆ రాజు బిరుదుల్లో కన్నడరాజ్య రమారమణ ఉంది, అందులో అతనికి ఇబ్బందీ లేదు. స్మిత్ చెప్పే ఇటుకలు ఇవి, గట్టి ఇటుకలే. ఇల్లు మాత్రం అప్పటిది కాదు.

రెండో చీటీ: “మా జిల్లా మీద ఇలాంటి పరిశోధన చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?”

ఉపన్యాసాలతో మొదలుపెట్టకండి, ఉద్యోగుల జాబితాలతో పెట్టండి. మద్రాసు ప్రభుత్వం, హైదరాబాదు ప్రభుత్వం సివిల్ లిస్టులు అచ్చు వేసేవి. హైదరాబాదు తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో అడగండి. ఒక శాఖ, పదేళ్లకొకటి చొప్పున నాలుగు సంవత్సరాలు తీసుకోండి, అంతకన్నా పెద్దది పెట్టుకుంటే మధ్యలో వదిలేస్తారు. పేరు, స్వగ్రామం, చేరిన ఏడు, ఏ హోదా నుంచి ఏ హోదాకు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి బదిలీ అని అయిదు గడులు గీయండి. అవే సంవత్సరాల్లో ఆ జిల్లా చదువుకున్నవాళ్ల సంఖ్య జనాభా లెక్కల్లోంచి తీసి పక్కన పెట్టండి. తప్పు జరిగేది పేర్ల దగ్గర. ఇంటిపేరు చూసి తెలుగువాడు, తమిళుడు అని రాసేస్తారు. తంజావూరులో తెలుగు ఇంటిపేర్లున్న ఉద్యోగుల కుటుంబాలు తరాలుగా ఉన్నాయి, హైదరాబాదులో ఉత్తరాది ఇంటిపేర్లున్న ముల్కీలు ఉన్నారు. స్వగ్రామం సర్వీసు రికార్డులో దొరికితేనే నింపండి, దొరకకపోతే ఆ గడి ఖాళీగా వదిలి, ఖాళీలు ఎన్నో పట్టిక కిందే రాయండి.